ఇంటి చుట్టూ కుట్టే పురుగులు: గుర్తుపట్టడం ఎట్లా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము ఈ విషయం ఎంచుకున్నాం. "తేళ్లు, కందిరీగల గురించి మాకు తెలియనిదేముంది? పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం" అని మీరనుకోవచ్చు. నిజమే, చూస్తూనే ఉన్నాం. కాని చూడడం వేరు, గుర్తుపట్టడం వేరు. ఆ తేడా మాకు ఒక రాత్రి తెలిసివచ్చింది. ముందు ఆ సంగతి చెబుతాం.

గంగారంలో మా దగ్గరి చుట్టాల ఇంట్లో ఉన్నాం. వానాకాలం. ఊరి చుట్టూ అడవి, గూనపెంకుల ఇల్లు, గోడకు ఆనించి పేర్చిన కట్టెలు. మగ్రిబ్ తర్వాత ఏడేళ్ల పిల్లవాడు పొయ్యిలోకి కట్టె తేవడానికి వెళ్లి కేక వేశాడు. వేలి మీద తేలు కుట్టింది. ఎవరో పరుగున వచ్చి చెప్పుతో తేలును నలగ్గొట్టి పొయ్యిలో పడేశారు. దాదీమా సున్నం రాసింది. "తేలే గద బేటా, ఏం గాదు, తెల్లారేసరికి తగ్గుతది" అన్నది. మంత్రం వేసే మనిషి కోసం కబురు పంపారు. ఆయన వచ్చి, వేపమండతో దిగదుడిచి, మంత్రం చదివి వెళ్లేసరికి రెండు గంటలు గడిచాయి. అప్పటికి పిల్లవాడి అంగీ చెమటతో పిండితే నీళ్లు కారేట్టు తడిసింది. చేతులు, కాళ్లు మంచులా చల్లబడ్డాయి. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అప్పుడు గాని ఆటో ఎక్కించలేదు.

ఆస్పత్రిలో డాక్టరు నాడి పట్టుకుంటూనే అడిగాడు: "తేలు ఎర్రదా, నల్లదా? డెక్కలు సన్నగా ఉన్నాయా, లావుగా ఉన్నాయా?" ఇంటిల్లిపాదిమీ ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం. అందరం చూశాం, ఒక్కరమూ గుర్తుపట్టలేదు. అల్లా దయవల్ల పిల్లవాడు మూడో రోజు నవ్వుతూ ఇంటికి వచ్చాడు. కాని చదువుకున్నామని చెప్పుకునే మేము కూడా ఆ ఇంట్లోనే ఉండి, ఆ రెండు గంటలు నోరు మూసుకుని కూర్చున్నామన్న మాట మమ్మల్ని ఇప్పటికీ కుడుతూనే ఉంది. ఈ ప్రసంగం ఆ డాక్టరు ప్రశ్నకు ఆలస్యంగా వెతుక్కున్న జవాబనుకోండి.

ముందు తేలు సంగతే చూద్దాం. అసలు తేలు కీటకమే కాదు. కీటకానికి కాళ్లు ఆరు, తేలుకు ఎనిమిది. అది సాలెపురుగుకు చుట్టం. మన ఇళ్ల దగ్గర ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి పెద్దది, నల్లగా నిగనిగలాడుతుంది. దాని డెక్కలు పీత డెక్కల్లా లావుగా ఉంటాయి. చూస్తే గుండె ఝల్లుమంటుంది గాని, అది కుడితే చాలావరకు నొప్పి, వాపు, అంతే. రెండోది చిన్నది, ఎరుపో గోధుమ రంగో ఉంటుంది. డెక్కలు సన్నగా పట్టకారులా, తోక మాత్రం బలంగా ఉంటుంది. దీన్నే ఎర్ర తేలు అంటాం. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. డెక్క లావైతే బలం డెక్కలో, డెక్క సన్నమైతే బలం విషంలో. ఈ ఒక్క ముక్క పిల్లలకు నేర్పండి, చాలు.

ఎర్ర తేలు విషం గుండె మీద, రక్తనాళాల మీద పనిచేస్తుంది. ఒళ్లంతా చెమట, చొల్లు కారడం, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడడం, గుండె దడ, తర్వాత ఆయాసం ఇవి దాని గుర్తులు. పిల్లలకు ముప్పు ఎక్కువ. ఒకప్పుడు ఈ గుర్తులు కనబడ్డవారిలో ఎంతోమంది చనిపోయేవారు. మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతంలో పల్లె జనానికి వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ చావులను కళ్లారా చూసి, రక్తపోటుకు వాడే ప్రజోసిన్ అనే మామూలు మాత్ర ఇందులో పనిచేస్తుందని కనిపెట్టి, 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. దాంతో పాటు తేలు విషానికి విరుగుడు మందు కూడా ఇస్తే మనిషి ఇంకా తొందరగా కోలుకుంటాడని 2011లో ఆయన బృందం చూపించింది. 2022లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. అంటే మందు ఉంది. వేళకు చేరవలసింది మనమే.

మరి మంత్రంతో తగ్గినవాళ్ల మాటేమిటని అడుగుతారు. నిజమే, తగ్గుతుంది. ఎందుకంటే తేలు కుట్టినవాళ్లలో ఎక్కువమందికి ఉత్త నొప్పే, అది తనంతట తానే దిగిపోతుంది. పేరు మాత్రం మంత్రానికి, అరగదీసి అంటించిన చింతగింజకు వస్తుంది. విషం నిజంగా ఎక్కిన ఆ ఒక్క పిల్లవాడి దగ్గర ఆ మంత్రమే గంటలు తినేస్తుంది. బ్లేడుతో కోయడం, తాడుతో బిగించి కట్టడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. ఒక మాట గుర్తుంచుకోండి: తేలును గుర్తుపట్టడం మంచిదే గాని, దాని కోసం వెతుకుతూ కూర్చోవద్దు. డాక్టరు వైద్యం చేసేది మనిషిలోని గుర్తులను చూసి. తేలు కనబడకపోయినా బండి కదలాలి.

ఇక రెక్కలున్నవాటికి వద్దాం. తేనెటీగకు, కందిరీగకు తేడా ఏమిటి? తేనెటీగ ఒంటి మీద నూగు ఉంటుంది, పుప్పొడి అంటుకుంటుంది. కందిరీగ ఒళ్లు నున్నగా ఉంటుంది, నడుము దారం కట్టి బిగించినంత సన్నం. ఇంతకన్నా ముఖ్యమైన తేడా కుట్టిన చోట కనబడుతుంది. తేనెటీగ ముల్లుకు వెనక్కి తిరిగిన పళ్లుంటాయి. అందుకే ముల్లు విషపు సంచితో సహా మన చర్మంలో ఉండిపోతుంది, ఈగ చచ్చిపోతుంది. ఆ సంచి తర్వాత కూడా విషాన్ని లోపలికి నెడుతూనే ఉంటుంది. కాబట్టి గోటితో గీరుతారో, వేళ్లతో లాగుతారో, ఎట్లా తీసినా సరే, క్షణం ఆలస్యం లేకుండా తీసెయ్యాలి. కందిరీగ ముల్లు వదలదు. ఒక్కటే పదిసార్లు కుట్టగలదు. చర్మంలో ముల్లు కనబడితే తేనెటీగ, కనబడకపోతే చాలావరకు కందిరీగ అనుకోవచ్చు.

తేనెటీగల్లోనూ రకాలున్నాయి. పట్టు చూసి పోల్చుకోవచ్చు. ఎత్తయిన చెట్టుకో, కొండ చరియకో, నీళ్ల ట్యాంకుకో, మినారుకో చాటంత ఒక్కటే పట్టు బయటికి వేలాడుతుంటే అది పెద్ద తేనెటీగ. అన్నింటికన్నా ప్రమాదం దీనితోనే. రేగిందంటే వందలుగా వెంటపడుతుంది. చెట్టు తొర్రలో, పుట్టలో, గోడ సందులో వరసగా నాలుగైదు పట్లు పెట్టేది పుట్ట తేనెటీగ. పెట్టెల్లో పెంచుకోవడానికి వీలైన మన నాటు రకం ఇదే. పొదలో సన్నకొమ్మ చుట్టూ అరచేతి మందాన పట్టు పెట్టేది చిన్న తేనెటీగ, కొంచెం సాధువు. గోడ పగులులో మైనంలాంటి చిన్న గొట్టం పెట్టుకుని దోమంత నల్లగా తిరిగే ఈగలు అసలు కుట్టనే కుట్టవు.

మన సమాజానికి ఇక్కడ ఒక మనవి. మన ఖబ్రస్తాన్లలో పాత చెట్లుంటాయి, వాటికి పెద్ద తేనెపట్లుంటాయి. జనాజా తీసుకుపోయినప్పుడు చెట్టు కింద ఊదుబత్తులు వెలిగించడం, చెత్త తగలబెట్టడం చేస్తే పొగకు ఈగలు లేస్తాయి. ఖబర్ తవ్వించే ముందు ఒక్కసారి తల పైకెత్తి చూడమని బాధ్యులను కోరుతున్నాం. ఈగలు లేస్తే మొగం కప్పుకుని, ఆగకుండా పరుగెత్తి తలుపులున్న గదిలోకో, బండిలోకో దూరాలి. చేతులు విసరవద్దు. ఒంటి మీద ఈగను నలిపితే వచ్చే వాసనకు మిగతావి ఇంకా వస్తాయి. చెరువులో దూకినా లాభం లేదు, తల ఎత్తేదాకా పైనే తిరుగుతుంటాయి. ఎండాకాలం వజూ చేసే చోట నల్లాల దగ్గరికి వచ్చే ఈగలు మాత్రం దాహానికి వచ్చినవి. తొక్కకపోతే వాటితో పేచీ లేదు.

ఇంటి చూరుకు, కిటికీ మూలకు తామరకాయను తలకిందులుగా వేలాడదీసినట్టు బూడిద రంగు గూడు కనబడితే అది కందిరీగలది. కట్టెను నమిలి, ఉమ్మితో కలిపి కాగితంలాగా చేసి కట్టుకుంటాయి. చెట్టు మీద కుండంత గుండ్రని గూడు కట్టి, ఒక చిన్న రంధ్రంలోంచి వచ్చిపోయే పెద్ద కందిరీగలు వేరే ఉన్నాయి. నల్లటి ఒళ్లు, నడుము కింద పసుపుపచ్చని పట్టీ. వాటి జోలికి ఎవరూ పోవద్దు. కిరసనాయిలు గుడ్డ అంటించి కాల్చబోయి ఇల్లు అంటుకున్నా, నిచ్చెన మీది నుంచి పడ్డా ఆ నష్టం కుట్టిన నష్టం కన్నా ఎక్కువ. తెలిసినవాళ్లను పిలిపించడమే మేలు.

గోడకు మట్టి ముద్దలా గూడు పెట్టే ఒంటరి కందిరీగను చూసి పిల్లలు భయపడతారు. అది దాదాపు కుట్టదు. భ్రమర కీటక న్యాయం అని పెద్దలు అంటుంటారు గదా, పురుగు చుట్టూ ఝుంకారం చేసి చేసి దాన్ని తనలాగే మార్చుకుంటుందని. జరిగేది వేరు. అది పురుగును కుట్టి కదలకుండా చేసి, గూట్లో పెట్టి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని కందిరీగై బయటికి వస్తుంది. మన పత్తి, కంది, కూరగాయల పాదుల మీది పురుగులు ఇట్లా ఎన్నో తగ్గిపోతాయి. దూలానికి గుండ్రంగా తొర్ర వేసే నల్ల తుమ్మెద కూడా చప్పుడే గాని కుట్టడం అరుదు. ఖురాన్ షరీఫ్‌లో 16వ సూరాకు తేనెటీగ పేరు, 27వ సూరాకు చీమ పేరు ఉన్నాయి. కనబడ్డదల్లా చంపవలసినదే అనుకోవడం మనకు తగదు.

చీమలను కూడా రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మామిడి ఆకులను కుట్టి గూడు కట్టే ఎర్రచీమ కొరుకుతుంది, కొరికిన చోట పులుపు చల్లుతుంది, ముల్లు గుచ్చదు. నేల మీది చిన్న ఎర్రచీమ మాత్రం ముల్లే గుచ్చుతుంది, తర్వాత చిన్న పొక్కు లేస్తుంది. గిల్లకూడదు. జెర్రి కుట్టదు, ముందుకాళ్లలాంటి కోరలతో కరుస్తుంది. నొప్పి గట్టిగానే ఉంటుంది. ముట్టుకుంటే చుట్ట చుట్టుకునే రోకలిబండ పాపం కుట్టదు, కరవదు.

తేనెటీగ, కందిరీగ కుడితే ఏం చేయాలి? సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ వేయండి. వేలి ఉంగరం, గాజులు వాపు రాకముందే తీసెయ్యండి. అయితే ఒక్క కాటుకే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, కండ్లు వాయడం, ఊపిరి ఆడకపోవడం, కండ్లు తిరగడం జరుగుతుంది. అది విషం ఎక్కువై కాదు, ఆ మనిషి ఒంటికి పడకపోవడం వల్ల. నిమిషాల్లో ముదురుతుంది. దీనికి మందు అడ్రినలిన్ సూది, అది ఆస్పత్రిలోనే. వెంటనే 108కు ఫోన్ చేయండి, మనిషిని పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి. ఒకసారి అట్లా అయినవారు ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి. నోట్లో, గొంతులో కుట్టినా, చిన్నపిల్లలను కుట్టినా, పదుల సంఖ్యలో కుట్టినా బాగున్నాడు గదా అని ఇంట్లో ఉంచుకోవద్దు.

రానీయకుండా చూసుకోవడానికి ఖర్చు లేని పనులు చాలా ఉన్నాయి. కట్టెలు, పిడకలు, ఇటుకలు ఇంటి గోడకు ఆనించి పేర్చవద్దు. గోడ పగుళ్లు మట్టితోనో, సిమెంటుతోనో మూయించండి. మంచం గోడకు దూరంగా జరిపి వేసుకుని దోమతెర కట్టుకుని, అంచులు పరుపు కిందికి దోపండి. ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు తెంపడానికి పోయేవారు ఆకుల కుప్పలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించండి. ఇషా నమాజు అయ్యాక మసీదు గడప దగ్గర చీకట్లో చెప్పులు, బూట్లు వెతుక్కుంటాం గదా, దులిపి తొడుక్కోండి. ఇంకో చిత్రం: దొంగనోట్లు పట్టే నీలిరంగు లైటు వేస్తే చీకట్లో తేలు ఒళ్లు పచ్చగా మెరుస్తుంది. వానాకాలం రాత్రి పెరట్లో ఒకసారి వేసి చూడండి.

ఎక్కువసేపు మాట్లాడామేమో, మన్నించాలి. ఆ రాత్రి మా ఇంట్లో ప్రేమకు లోటు లేదు. దాదీమా కన్నీళ్లకు లోటు లేదు, దుఆలకు లోటు లేదు. లోటు పడ్డది ఒక్క తెలివిడే. దుఆ ఆటోలో కూర్చుని కూడా చేయవచ్చు. ఈ సంచికను చదివి పక్కన పడేయకుండా, ఈ నాలుగు గుర్తులు మీ పిల్లలచేత ఒకసారి చెప్పించుకోండి. రేపు ఏ ఇంట్లోనైనా డాక్టరు ఆ ప్రశ్న అడిగితే, ఏడేళ్ల పిల్లే ముందుకు వచ్చి "ఎర్రదండీ, డెక్కలు సన్నంగ ఉన్నయి" అని చెప్పగలిగితే మా మాటలు దండగ కాలేదని సంతోషిస్తాం.

సెలవు. ఖుదా హాఫిజ్.