దోటి ఱంపము



పెరటిలో నాలుగు చెట్లున్న ప్రతి గృహస్థునకును ఏటేట తప్పని చిక్కొకటి కలదు. గాలివానల కాలము రాకమునుపే ఇంటికప్పుమీదికి వంగిన కొమ్మలను తీయింపవలెను. పూర్వ మీ పనికి చెట్లెక్కువారు కబురంపిన మఱునాడే వచ్చెడివారు. వారి కుమారులు వేఱు పనులు వెదకికొని పట్టణములకు పోయిరి. మిగిలినవారికి వయస్సు మీఱినది. మా యూర నీ పనియందు పేరుపొందిన పెద్దయ్యకు 70 ఏండ్లు దాటినవి. రెండేండ్లక్రిందట ఆయన మా వేపచెట్టు మొదట నిలిచి, తలయెత్తి కొంతసేపు చూచి, "మాస్టారూ, ఇక నా మోకాళ్లు ఎక్కనివ్వవండి" అనెను. ఆ మాట చెప్పుటకు ఆయన ఎంత సంకోచపడెనో నే నెఱుగుదును. నాకును నిచ్చెన యెక్కు వయస్సు కాదు.

ఈ సంగతి మా యబ్బాయితో ఫోనులో చెప్పగా, వాడు నాలుగు దినములలో ఒక పొడవైన పెట్టెను పంపెను. అందున్నది కరెంటుతో నడచు ఱంపము. మామిడికాయలు కోయు దోటి మీ యిండ్లలో ఉండనే యుండును. దాని చివర చిక్కమునకు బదులు జానెడు ఉక్కుపట్టెయు, దానిచుట్టును తిరుగు పండ్ల గొలుసును ఊహించుకొనుడు. అదియే ఈ యంత్రము. నేను దీనికి దోటి ఱంపమని పేరు పెట్టుకొంటిని. వెల 8,000 రూపాయలకు కొంచెము తక్కువ. ఇంతకు పలురెట్లు వెలగల యంత్రములును అంగళ్లలో ఉన్నవి. కావున ఇది చౌకరకమే. రెండు వేసవులు వాడిన పిమ్మట దీని గుణదోషములను మీ ముందు పెట్టుచున్నాను.

గొలుసు ఱంపము నిన్న మొన్న పుట్టినది కాదు. 1926లో జర్మనీదేశమున ఆండ్రియాస్ ష్టీల్ అను ఇంజనీరు విద్యుచ్ఛక్తితో నడచు గొలుసు ఱంపమును చేసెను. దాని బరువు 64 కిలోగ్రాములు. ఇద్దఱు మనుష్యులు చెరియొక కొనను పట్టిననేగాని కదలెడిది కాదు. పిమ్మట 1946లో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రమున కలపకోతతో జీవించు జోసెఫ్ కాక్స్ అనునతడు ఒక మొద్దులో కొయ్యపురుగు తొలుచుట చూచెను. అది తన దవడలను కుడికొకసారి, ఎడమకొకసారి త్రిప్పుచు, నారవెంటను నారకడ్డముగాను ఒకే సులువుతో కొయ్యను కోయుచుండెను. ఆ దవడల పోలికనే అతడు గొలుసునకు పండ్లు కల్పించి, 1947లో అమ్మకమునకు తెచ్చెను. నేటి గొలుసుల పండ్లు ఎక్కువభాగము ఆ జాతివే. నా యంత్రపు గొలుసును అరచేతిలో పెట్టుకొని చూచినపుడు, కుడిపన్ను ఎడమపన్ను ఒకటి విడిచి యొకటి ఉండుట చూచి, ఆ పురుగునకు మనసులోనే నమస్కరించితిని.

ఇక పెట్టెమీది మాటలు. నా పెట్టెపై 15 అడుగుల ఎత్తు అందునని పెద్ద అక్షరములతో అచ్చువేసియున్నది. గడను పూర్తిగా సాచి కొలిచితిని, 9 అడుగులే. మిగిలిన 6 అడుగులు ఎక్కడివని మా యబ్బాయి నడిగితిని. "పట్టుకున్న మనిషి ఎత్తు కూడా కలిపారు నాన్నగారూ" అనెను. మనిషిని కూడ పెట్టెలో పెట్టి అమ్ముచున్నారన్నమాట! అబద్ధమనుటకును వీలులేదు. కాని గడను నిట్టనిలువుగా పట్టి కోయరాదు. తెగిన కొమ్మ నెత్తిమీదనే పడును. నేలకు 60 డిగ్రీలకు మించని ఏటవాలుగా పట్టవలెను. అట్లు పట్టినపుడు నాకు అందిన ఎత్తు 12 అడుగులే. కొనబోవువారు పెట్టెమీది యంకెనుండి మూడడుగులు తీసివేసి లెక్క చూచుకొనుట మంచిది.

బరువును గూర్చియు ఇట్టిదే యొక కిటుకు కలదు. తక్కెడలో 4 కిలోగ్రాములు తూగిన యంత్రము గడచివర నున్నపుడు నాలుగువలె ఉండదు. ఈ చౌకరకములలో మోటారు తఱచుగా పైకొననే యుండును. నీళ్లచెంబును చేతిలో పట్టుకొనుటకును, కఱ్ఱచివర వ్రేలాడదీసి చేయి సాచి పట్టుటకును గల భేదము మీకు తెలియును. అంగడిలో కొనువారు గడను పూర్తిగా సాచి, ఏటవాలుగా ఎత్తి, నూఱు లెక్కించువఱకు పట్టి చూడవలెను. చేతులు వణకినచో ఆ యంత్రము మీది కాదు. నేను అరువది దాటినవాడను. పది నిమిషములు కోసి పది నిమిషములు కూర్చుండవలసివచ్చుచున్నది. మోటారునకును ఆ విశ్రాంతి అవసరమే.

మొదటినాటి నా అవమానము కూడ చెప్పెదను. యంత్రమును బిగించి, ఎండిన మునగకొమ్మపై పెట్టితిని. పొగ వచ్చినది గాని పొట్టు రాలేదు. చౌకవస్తువు చౌకబుద్ధి చూపినదని చేసినవారిని నాలుగు తిట్లు తిట్టితిని. పిమ్మట కండ్లజోడు పెట్టుకొని చూడగా, గొలుసును నేనే తిరగవేసి యుంటిని. పట్టెమీద బాణపు గుర్తు చక్కగా చెక్కియే యున్నది. ముప్పది యేండ్లు బడిలో పిల్లలను చదివిన పిమ్మటనే వ్రాయుడని గద్దించినవాడను, నేను మాత్రము చదువకయే బిగించితిని.

గొలుసు సరిగా బిగిసినదో లేదో తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. ముందుగా ప్లగ్గు ఊడదీయవలెను. పట్టె నడుమ గొలుసును వ్రేళ్లతో కొంచెము లాగిన, అది పైకి వచ్చి, విడువగానే తనచోటికి తటాలున పోవలెను. వ్రేలాడినచో వదులు, కదలకున్నచో మితిమీఱిన బిగువు. క్రొత్తగొలుసు మొదటి అరగంటలోనే సాగును; కావున నాలుగు కొమ్మలు కోసినపిమ్మట మఱల చూడవలెను. వేడిమీద బిగించిన గొలుసును అట్లే వదలి పెట్టరాదు. చల్లారినపుడు అది ముడుచుకొని మితిమీఱి బిగియును.

నూనెలేని గొలుసు గడియలో చెడును. కొన్నిటిలో నూనె తనంతట వచ్చును. కొన్నిటిలో బుడ్డి నొక్కవలెను. నాది తనంతట వచ్చునది. వచ్చుచున్నదో లేదో తెలిసికొనుటకు ఱంపమును తిరుగనిచ్చి దాని కొనను ఒక తెల్లకాగితమునకు తగులనీయక ఎదురుగా పట్టవలెను. రెండు మూడు క్షణములలో సన్నని నూనెచార పడవలెను. ఇంటిలో ఉన్న వేరుసెనగనూనె పోసిన చాలదా యని మా యింటివారడిగిరి. వంటనూనె కొన్నాళ్లకు జిగటకట్టి రంధ్రమును మూయును. బండ్ల మురికినూనె మఱింత చెఱుపు. గొలుసుకొఱకు అమ్ము నూనెనే కొనవలెను. దాచునపుడు నా యంత్రమునుండి నూనె కారును. ఇది దాని లోపమే, రెండేండ్లనుండియు పోలేదు. పని కాగానే బుడ్డి ఒంపి గోనెగుడ్డపై పెట్టుచున్నాను.

పండ్లు మొద్దువారినట్లు ఱంపపు పొట్టే చెప్పును. పదునుగానున్న గొలుసు కొయ్యను పెళుసులుగా, గింజలవలె రాల్చును. మొద్దువారినది పిండివలె రాల్చును. అప్పుడు బలముతో నొక్కుట తెలివితక్కువ. నా గొలుసునకు 4 మిల్లిమీటర్ల గుండ్రని ఆకురాయి సరిపోవును. ప్రతి పంటికి రెండుసార్లు, ఒకేవైపున, ఒకే వాలుగా రాయవలెను. కొడవలి నూఱగల చేతికి ఇది కష్టము కాదు.

ఇక తీగ. నా యంత్రము 750 వాట్లది. 230 వోల్టులవద్ద 3 ఆంపియర్లకు కొంచెము ఎక్కువ తీసికొనును. వంటింటినుండి పెరటి చివరకు 30 మీటర్ల సన్నని తీగ లాగినచో, దారిలోనే కొంత వోల్టేజి పోవును. మా యూర సాయంకాలము వోల్టేజి ముందే తగ్గియుండును. రెండును కలిసినచో మోటారు మూలుగుచు వేడెక్కును. నేను లావు తీగ కొని, ఉదయమే పనిచేయుచున్నాను. కరెంటు నేలకు కొంచెము జారినను దానిని తెంపివేయు 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్చి యింటిలో లేనివారు, ముందు దానిని పెట్టించి పిదప ఱంపము కొనవలెను.

వేపకొమ్మ కథ చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. ఆ చెట్టు మా తల్లి నాటినది. పెంకుల కప్పుమీదికి వంగిన కొమ్మ అయిదంగుళముల లావు. మునగతో ధైర్యము వచ్చిన నేను, మొదటికి ఆనించి పైనుండి కోయసాగితిని. ఱంపము వెన్నలో కత్తివలె దిగినది. సగము తెగినంతనే కొమ్మ తన బరువుతో తానే వంగి, ఫెళ్లున విఱిగి, మ్రానునుండి మూరెడు పొడవున బెరడును చీల్చుకొనుచు పడినది. గోడవద్ద కూర్చుండి చూచుచున్న పెద్దయ్య లేచి వచ్చి, ఆ గాయముపై చేయివేసి, "ముందు కింద గాటు పెట్టాలి మాస్టారూ. గొడ్డలైనా అంతే, ఇదైనా అంతే" అనెను. ముందే యేల చెప్పలేదని అడిగితిని. "మిషనుకు అక్కర్లేదేమో అనుకున్నానండి" అనెను.

అది మొదలు ఆయన చెప్పినట్లే చేయుచున్నాను. మ్రానునకు అడుగున్నర దూరమున, కొమ్మ క్రిందివైపు మూడవవంతు లోతున గాటు పెట్టుట. దానికి రెండంగుళములు వెలుపల పైనుండి కోసి కొమ్మను పడనిచ్చుట. మిగిలిన మొండెమును కడపట తీయుట. మొండెమును తీయునపుడు కొమ్మ మొదట నుండు ఉబ్బును కోయరాదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు ఎన్నో మ్రానులను చీల్చి చూచి, గాయమును మూయుశక్తి ఆ యుబ్బునందే యున్నదని చూపెను. తారు పూసినంతమాత్రమున చెట్టు మానదు. మా వేపచెట్టు గాయము అంచులవెంట ముడుచుకొని వచ్చుచున్నది. నడుమ ఇంకను అరచేతి వెడల్పు కొయ్య కనబడుచున్నది.

ఈ ఱంపము నాలుగంగుళములలోపు కొమ్మలకు మంచి పనిముట్టు. మామిడి, మునగ, జామ, నిమ్మ, వేప చక్కగా తెగును. పనసపాలు గొలుసునకు అంటిన కిరసనాయిలుతో తుడువవలెను. మామిడిసొన కంటిలో పడకుండ అద్దములు పెట్టుకొనవలెను. కొబ్బరి, తాటి మట్టలకు ఇది పనికిరాదు. ఆ పీచు గొలుసున చుట్టుకొని ఆపివేయును. పట్టె కొన దేనికైనను తగిలినచో ఱంపము మనవైపు ఎగిరిపడును. కావున మోటారు దాపున నున్న భాగమునే కొమ్మకు ఆనింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది కరెంటు తీగల సంగతి. యంత్రముపై చదరములో చదరము గుర్తు చూచి, దీనికి రెండు పొరల రక్షణ యున్నదని అంగడివాడు చెప్పును. ఆ రక్షణ యంత్రములోని కరెంటునుండియే గాని, పైనున్న తీగలనుండి కాదు. నా గడ అల్యూమినియముది. తీగకు తగిలిన మనిషి దక్కడు. పచ్చికొమ్మ తీగమీద పడినను అంతే. చేయువారు కొందఱు 10 మీటర్లు, కొందఱు 15 మీటర్లు దూరముండవలెనని వ్రాయుచున్నారు. మన పల్లెలలో పెరటి గోడమీదుగనే తీగలు పోవుచుండును గదా. అట్టిచోట ఈ దోటిని ఎత్తనేరాదు. లైనుమానుకు చెప్పి, కరెంటు తీయించి, వారిచేతనే కోయింపవలెను.

ఇప్పుడు నేను ఱంపము పట్టిననాడు పెద్దయ్య క్రింద నిలిచి, ఏ కొమ్మ ఎటు పడునో చెప్పి, త్రాడు పట్టుచున్నాడు. చెట్టెక్కినపుడు ఇచ్చిన కూలియే ఇచ్చుచున్నాను. మొదట వద్దనెను, పిదప తీసికొనెను. వీధివైపు తీగకు ఆనియున్న వేపకొమ్మ యొకటి మిగిలినది. దానికొఱకు విద్యుత్ కార్యాలయమున కాగితము ఇచ్చితిని. వచ్చి తీసెదమని చెప్పిరి. ఆ కొమ్మ క్రింద ఎవ్వరును నిలువకుండ పెద్దయ్య రెండు రాళ్లు పెట్టి, త్రాడు కట్టెను.