సౌరఘటముల ముద్రణ

పెన్‌పహాడ్ పొలములలో మిట్టమధ్యాహ్నపు ఎండ ఎట్టిదో అచ్చటి రైతునకు మనము చెప్పనక్కరలేదు. ఆ ఎండయే బోరు మోటారును త్రిప్పగలదని సౌరఫలకములు ఇదివరకే నిరూపించినవి. ఆ ఫలకమును వార్తాపత్రికవలె అచ్చు వేయవచ్చునా? ఇదియే నేటి మన ప్రసంగ విషయము.

మేము కళాశాలలో చదువుకొన్న నాడు సౌరఘటమనగా సిలికానే. సిలికాను కరుగుటకు 1414 డిగ్రీల వేడి కావలెను. శ్రమయు, ఖర్చును అచ్చటనే మొదలగును.

పెరోవ్‌స్కైట్ దారి వేరు. 1839లో యూరల్ పర్వతముల ఖనిజ మొకదానికి గుస్తావ్ రోజ్ పెట్టిన పేరిది. అదే అమరిక గల పదార్థములన్నిటికిని నేడు ఆ పేరు చెల్లుచున్నది. సీసము, అయొడిన్, ఒక కర్బన లవణము కలిసిన ద్రావణమును పూసి, సుమారు 100 డిగ్రీలకు వేడిచేసిన చాలును, స్ఫటికపు పొర ఏర్పడును. 2009లో జపానులో మియసాకా బృందము చేసిన ఘటము నూటికి 3.8 పాళ్ల వెలుగునే విద్యుత్తుగా మార్చినది. నేడు ప్రయోగశాలలలో అది 26 పాళ్లు దాటినది.

ద్రావణమే గదా, సిరాగా వాడరాదా? ఇంక్‌జెట్ యంత్రములో విద్యుత్తు తగిలినపుడు ఒక చిన్న బిళ్ల వంగి, సన్నని రంధ్రము గుండ బొట్టును విదల్చును. లీటరును లక్షకోట్ల పాళ్లు చేసినచో, ఒక్కొక్క బొట్టు అందు కొన్ని పాళ్లు మాత్రమే. కోరిన చోటనే పడును గనుక సరకు వృథా కాదు. ఏర్పడు పొర వెండ్రుక మందములో నూరవ వంతు.

చిక్కెల్ల ఆరబెట్టుటలో నున్నది. బల్లపై ఒలికిన కాఫీ చుక్క అంచున చిక్కనై, నడుమ పలుచనై ఆరును. ఈ పొరయు అట్లే ఆరినచో ఘటము చెడును. అందుచే అచ్చు పడిన వెంటనే శూన్యములోనో, గాలి ధారతోనో సమముగ ఆర్చెదరు. 2020లో పానసోనిక్ సంస్థ 30 సెంటీమీటర్ల చదరపు గాజుపై ఇట్లు ముద్రించి 16.09 పాళ్లు సాధించినది. మన హైదరాబాదులోను, బాలాపూరు, తార్నాకల జాతీయ పరిశోధనాలయములలో పెరోవ్‌స్కైట్ ఘటములపై కృషి జరుగుచున్నది.

మరి రైతు రేపే కొనవచ్చునా? తొందర వలదు. సిలికాను ఫలకమునకు 25 ఏండ్ల హామీ యిచ్చుచున్నారు. ఈ ఘటము పుట్టియే అన్ని యేండ్లు కాలేదు. తేమ దీనికి శత్రువు. పైగా ఇందలి సీసము నీట కరుగగలది. పగిలిన ఫలకము నుండి అది వరిమడిలోనికి జారినచో, చౌకగా వచ్చిన కరెంటుకు మనము చెల్లించు వెల యెంత?

అచ్చు వేయుట నేర్చితిమి. అచ్చయినది వానకు నిలుచుటయు, మడికి కీడు చేయకుండుటయు తేలవలెను. ఆ రెండును తేలిననాడు పెన్‌పహాడ్ రైతు నిశ్చింతగా దానిని తన పొలము గట్టున నిలుపుకొనవచ్చును.