మేజోడు కొలత
(సంఘం వార్షిక సభలో కుట్టు కేంద్రం సోదరీమణుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్ళం. అల్లిక గురించి మాస్టరు గారు మాట్లాడటమేమిటని వెనక వరుసలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వనివ్వండి. సలాయీలు పట్టే చేతులు మా ఆపావి, ఫందాల లెక్క మాత్రం మాది. మేజోడు పాదానికి సరిపోవడమనేది సగం చేతి పని, సగం లెక్క. ఆ రెండో సగం గురించే ఈ నాలుగు మాటలు.

ఆదిలాబాదు చలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. అయితే మా ఇంట్లో మేజోళ్ళ అల్లిక చలి కోసం మొదలవలేదు. మా అబ్బాజాన్‌కు షుగరు. చాలా ఏళ్ళ షుగరు వల్ల కాలివేళ్ళకు స్పర్శ తగ్గిపోయింది. ఒక శీతాకాలం బజారులో కొన్న మేజోళ్ళు వేసుకున్నారు. వేళ్ళ దగ్గర లోపలి కుట్టు దారంలా లేచి ఉండి చిటికెనవేలిని ఒరుసుకుంది. మనకైతే నొప్పి పుట్టి వెంటనే విప్పేస్తాం. ఆయనకు తెలియనే లేదు. మేజోడుకు రక్తపు మరక అంటితే అమ్మీ చూసింది. ఆ చిన్న పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. డాక్టరు గారు చెప్పినవి మూడే: లోపల కుట్టు ఉండకూడదు, పట్టీ బిగుతుగా ఉండకూడదు, ముడత పడకూడదు. ఆ మాట విని మా ఆపా సలాయీలు తీసింది. ఈ సభలో షుగరు మనిషి లేని ఇల్లు ఎన్ని ఉంటాయో మీరే ఆలోచించండి.

ఇది కొత్త విద్యేమీ కాదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈజిప్టులో దొరికిన ఎర్ర ఊలు మేజోళ్ళు ఉన్నాయి. అవి క్రీ.శ. 250–420 నడిమి కాలపువి. చెప్పులతో తొడుక్కోవడానికి బొటనవేలికి వేరే గది ఉంటుంది. వాటిని ఒంటి సూదితో చేశారు. మనం చేసే సలాయీ అల్లికకు అతి పాత నమూనాలలో కూడా ఈజిప్టువే ఉన్నాయి, ముస్లిం పాలన నాటి నీలం తెలుపు నూలు మేజోళ్ళ తునకలు. అంటే మేజోడు మన ఇంటికి పరాయి వస్తువు కాదు. ఫార్సీ మోజా పక్కన తెలుగు మేజోడును పెట్టి పలికి చూడండి, చుట్టరికం తెలుస్తుంది.

ఇక కొలతకు వద్దాం. పాదాన్ని సాయంత్రం కొలవాలి, మనిషిని నిలబెట్టి కొలవాలి. పొద్దున మంచం మీద కూర్చోబెట్టి కొలిస్తే తక్కువ వస్తుంది. సాయంత్రానికి కాలు కొంత ఉబ్బుతుంది. టేపు వేళ్ళ మొదట్లో, పాదం ఎక్కువ వెడల్పున్న చోట చుట్టండి. తర్వాత మడమ నుంచి పొడవైన వేలి కొస దాకా పొడవు చూడండి. రెండు పాదాలూ కొలవండి. ఎడమా కుడీ అచ్చంగా ఒక్కటే ఉన్నవాళ్ళు తక్కువ.

చుట్టుకొలత 9 అంగుళాలు అనుకుందాం. 9 అంగుళాల మేజోడు అల్లితే అది జారి ముడత పడుతుంది. అల్లిక సాగి కాలిని పట్టుకోవాలి గనుక నూటికి పది తగ్గించాలి, సుమారు 8 అంగుళాలు. అంగుళానికి 8 ఫందాలు వస్తుంటే 64 ఫందాలు. 64 నాలుగుతో తెగుతుంది, నాలుగు సలాయీల మీద పదహారేసి కూర్చుంటాయి. కాళ్ళు ఉబ్బే మనిషికైతే నూటికి అయిదే తగ్గించి 68 వేసుకోండి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. అంగుళానికి 8 వస్తున్నాయని ఎవరు చెప్పారు? కాగితం మీద రాసి ఉందనో, పక్కింటావిడకు వచ్చాయనో నమ్మకూడదు. మీ చేతికి 7 వచ్చాయనుకోండి, అవే 64 ఫందాలు 9 అంగుళాల పైన అవుతాయి. అంగుళానికి ఒక్క ఫందా తేడా, కాలి దగ్గరకు వచ్చేసరికి నిండు అంగుళం! ఆ అంగుళమే బూటులో మడత పడి ఒరుసుకునేది. అందుకని ముందు చిన్న నమూనా, అదీ గుండ్రంగానే అల్లాలి. పలకలా అల్లితే ఉల్టా వరసల్లో చేయి బిగువు మారుతుంది. దాన్ని తడిపి ఆరబెట్టి, 4 అంగుళాల మేర లెక్కపెట్టి నాలుగుతో భాగించండి.

సలాయీ నంబర్ల గురించి ఒక మాట. మన పాత లెక్కలో 13 నంబరు అంటే 2.25 మిల్లీమీటర్లు, నంబరు పెరిగేకొద్దీ సలాయీ సన్నబడుతుంది. అమెరికా నుంచి బంధువులు పంపే దాని మీద ఇదే సైజుకు 1 అని ఉంటుంది, అక్కడ నంబరు పెరిగితే లావు. మిల్లీమీటర్లే చూసుకోండి, గొడవ ఉండదు.

మడమకు సగం ఫందాలు, అంటే 32 తీసుకొని 32 వరసల పట్టీ అల్లితే అంచున 16 కొక్కేలు దొరుకుతాయి. మడమ తిప్పాక 18 మిగులుతాయి. ఆ 18, రెండు పక్కలా పదహారేసి, పైన 32 కలిపి 82. వరస విడిచి వరస రెండేసి తగ్గిస్తే 18 వరసల్లో మళ్ళీ 64కు దిగుతాం. మీగాలు ఎత్తుగా ఉన్నవాళ్ళకు పట్టీ 36 వరసలు చేయండి, లేకపోతే మడమ కిందికి లాక్కుపోతుంది. మిగతాది చేతిలోకి వస్తే అదే తెలుస్తుంది.

పాదం పొడవు 10 అంగుళాలైతే మేజోడు తొమ్మిదిన్నర చాలు. వేళ్ళ దగ్గర వరస విడిచి వరస నాలుగేసి తగ్గిస్తూ 64 నుంచి 16కు రావాలంటే 24 వరసలు, సుమారు 2 అంగుళాలు. కనుక మడమ వెనక నుంచి ఏడున్నర అంగుళాల దగ్గర తగ్గింపు మొదలుపెట్టాలి. చివరి 16 ఫందాలను మామూలుగా కుట్టేయకండి, గట్టు లేస్తుంది. అబ్బాజాన్ వేలిని కోసింది ఆ గట్టే. ఎనిమిదీ ఎనిమిదీ ఎదురెదురుగా పెట్టి, కుట్టుసూదితో ఇంకో అల్లిక వరసలాగా దారం నడపాలి. దీన్ని కిచెనర్ కుట్టు అంటారు. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సర్వసేనానిగా ఉన్న ఆ కిచెనర్ పేరే. పేరు దొరగారిదైనా వేళ్ళకు సుఖమిచ్చే కుట్టు, నేర్చుకోక తప్పదు.

పై పట్టీ రెండు సీదా రెండు ఉల్టాగా వేయండి, రబ్బరు వద్దు. నమాజీ మనిషి వజూకు రోజుకు అయిదుసార్లు విప్పి తొడుక్కోవచ్చు. మొదటి ఫందాలు వదులుగా వేయకపోతే మడమ దాటదు, పెద్దవాళ్ళు వంగి లాగలేక అవస్థ పడతారు. మేజోళ్ళ మీద మసహ్ చెల్లుతుందా అనే మసలా ఉలమాలను అడగండి, మేము చెప్పేది కాదు. మేము చెప్పేదల్లా, వేళ్ళ సందులు పొడిగా తుడిచాకే తొడగండి. షుగరు మనిషి పాదం అడుగు రోజూ ఇంట్లో ఎవరో ఒకరు వెలుతురులో చూడాలి. ఎంత మంచి మేజోడైనా ఆ పని చేయలేదు.

ఊలులో నాలుగో వంతు నైలాను కలిసింది తీసుకుంటే మడమ త్వరగా అరగదు. పెద్దల జతకు 100 గ్రాములు సరిపోతుంది. ఆర్డరు మీద అల్లే చెల్లెళ్ళు మాత్రం "మీడియం సైజు" అని రాసుకోవద్దు. మనిషిని కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల గీతా గీసుకొని, పక్కన చుట్టుకొలత, తేదీ వేసుకోండి. పాదం రాలేకపోతే మీరే ఇంటికి వెళ్ళండి.

సలాయీలు తెచ్చుకున్నవాళ్ళు ముందు వరసకు రండి. మా ఆపా నమూనా ఫందాలు ఇప్పుడే వేయిస్తుంది.