క్లోమరసము త్రోవ తప్పినపుడు

ఆయాసముతో వచ్చిన రోగి రొమ్మునుండి సూదితో నీరు తీసినపుడు, ఆ నీటికి పుట్టినిల్లు కడుపులో నున్నదని యెవ రూహింతురు? అట్టి రోగులును కలరు. వారి వ్యాధికి మూలము క్లోమగ్రంథి. వైద్యులు పాంక్రియాస్ అనునది.

జీర్ణాశయమునకు వెనుక, వెన్నెముకకు ముందు, అడ్డముగా పరుండియుండు ఈ గ్రంథి జానెడు పొడవైనను లేదు. అయినను దినమునకు సుమారు 1.5 లీటర్ల రసమును చిన్నప్రేగులోనికి పంపును. మాంసమును సైతము అరిగింపగల ఆ రసము ప్రేగును చేరిన పిదపనే మేల్కొనవలెను. పిత్తాశయమునుండి రాయి జారి నాళమున కడ్డుపడినను, మద్యపానము మితిమీరినను, అది లోపలనే మేల్కొని తన్ను గన్న గ్రంథినే దహింపసాగును. వెన్నులోనికి పోటెత్తు దుర్భరమగు నొప్పి, వాంతులు ఆరంభమగును. ఇట్టి నొప్పికి ఇంటివైద్యము పనికిరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

గ్రంథినుండి కారిన రసము పెక్కుమందిలో కొన్ని వారములలో తానే యింకిపోవును. నిలిచినచో, నాలుగు వారములు గడచునప్పటికి చుట్టును గోడ యేర్పడి తిత్తియగును. పూర్వము తిత్తి పెద్దదైనచో కోసితీరవలె ననెడివారు. నేడు పరిమాణమును కాక రోగి బాధను, జ్వరమును చూచి నిర్ణయింతురు; వీలైనచో గోడ గట్టిపడువరకు వేచి, నోటిద్వారా ఎండోస్కోపు పంపి తిత్తిని జీర్ణాశయములోనికే తెరతురు. ఈ ఓర్పు మెచ్చదగినది.

ఇక వింత యేమనగా, నాళము వెనుకవైపున తెగినచో రసము పైకెగబ్రాకి, రొమ్మును కడుపును వేరుచేయు పొరలోని సందులగుండా పోయి, తరచుగా ఎడమ ఊపిరితిత్తి చుట్టును నిండును. అపుడు దగ్గు, ఆయాసమే గాని కడుపునొప్పి యుండకపోవచ్చును. మన దేశమున రొమ్ములో నీ రనగానే క్షయ స్ఫురించుట సహజము. తీసినకొలదిని నీరు మరల నిండుచున్నచో, అందు అమైలేజు అను ఎంజైము నెంత యున్నదో కొలిపింపవలెను. అది మిక్కిలి హెచ్చుగా నున్నచో గుట్టు బయటపడును. ఆ పరీక్ష వైద్యునికి తోచుటకు ఇంటివారు చెప్పు మాటయే ఆధారము. కొన్ని నెలల క్రిందటి కడుపునొప్పిని మరచుటయు, త్రాగుడు సంగతి పరువునకై దాచుటయు మన యిండ్లలో సామాన్యము.

తిత్తిలోని రసము ప్లీహమునకు పోవు ధమని గోడను తినివేయుటయు కలదు. ధమని బుడగవలె నుబ్బి పగులును; నెత్తురు ప్రేగులోనికి దిగి మలము తారువలె నల్లబడును. ఎండోస్కోపుతో చూచినను పుండు కానరాకపోవచ్చును. సి.టి. స్కానులో చోటు గుర్తించి, తొడనుండి సన్నని గొట్టము పంపి, లోహపు తీగచుట్టలతో దానిని మూయుదురు.

మరింత అరుదుగా కాళ్లపై ఎఱ్ఱని గడ్డలు లేచును. కంటిచూపు మసకబారుటయు కలదు. 1910లో ఆస్ట్రియా నేత్రవైద్యుడు పుర్చర్, తలకు దెబ్బతగిలిన వారి నేత్రపటలమున చూచిన తెల్లని మచ్చలే ఇందును కానవచ్చును. కొందరికి వారములలో చూపు తిరిగివచ్చును, కొందరికి రాదు.