తాతమ్మ పేరు ఏ పుస్తకంలో ఉంది?

మీ తాతయ్య వాళ్ల నాన్న పేరేంటి? ఠక్కున చెప్పేశారా? సరే, ఆయన భార్య పేరు? చాలామందిమి ఇక్కడే ఆగిపోతాం.

పొలం ఉన్నోళ్లకి పాత అడంగల్, దస్తావేజులు ఉంటాయి. ఊరి చివర పల్లెలో కూలి చేసుకుని బతికినోళ్లకి? తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు అలాంటి కుటుంబాలు చాలా క్రైస్తవంలోకి వచ్చాయి. వాళ్ల పేర్లు కాగితం మీద దొరికే చోటు చర్చి రిజిస్టర్. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు అన్నీ అందులో రాస్తారు. ఇంగ్లండ్‌లో ప్రతి చర్చీ ఇలాంటి పుస్తకం పెట్టాలని 1538లోనే ఆర్డర్ వచ్చింది. అక్కడి పాలేర్ల మునిమనవళ్లు ఇవాళ్టికీ వాటిలోనే వెతుక్కుంటున్నారు. మన దగ్గర లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో.

ముందు మీ సంఘం ఏ మిషన్‌దో కనుక్కోండి. తెనాలి, రేపల్లె వైపు లూథరన్ సంఘాలు ఎక్కువ. వాళ్లు పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు, కాబట్టి తేదీ పుట్టుకకి దగ్గర్లో ఉంటుంది. (మొదటి తరం పెద్దయ్యాకే తీసుకుంది, అది వేరు.) బాపట్లలో పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. వాళ్లు ఊహ తెలిశాకే, నీళ్లలో ముంచి ఇస్తారు. ఆ తేదీని పుట్టినరోజు అనుకున్నారో, మీ ముత్తాత పదిహేనేళ్లు చిన్నోడైపోతాడు!

పేరు కూడా మారిపోయి ఉండొచ్చు. ఇంట్లో వెంకాయమ్మ, పుస్తకంలో మరియమ్మ. అందుకే ఇంటిపేరు, తండ్రి పేరు, పల్లె పేరు మూడూ కలిపి చూడండి. ౧౮౯౮ అని కనిపిస్తే అది 1898. జిల్లా కృష్ణా అని ఉంటే కంగారొద్దు, 1904లో గుంటూరు జిల్లా వచ్చేదాకా మనం అందులోనే ఉన్నాం.

ఇప్పుడు అసలు విషయం. పేరు దొరికిన ఆనందంలో పేజీ ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత సిక్కులకి, బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులైన దళితులకి ఇవ్వలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ. ఇది నాకైతే అన్యాయంగానే కనిపిస్తుంది. అందుకే కొన్ని ఇళ్లలో చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. మీ ముత్తాత లైను పైనా కిందా వేరే కుటుంబాలు కూడా ఉంటాయి కదా? వాళ్ల మనవరాలి ఉద్యోగం మీద ఎవడో అర్జీ పెట్టడానికి మీ ఫోటో ఒక్కటి చాలు. మీ లైను వరకు నోట్‌బుక్‌లో రాసుకోండి, చాలు.

అయ్యగారి దగ్గరికి ఆదివారం ఆరాధన హడావిడిలో వెళ్లొద్దు. మామూలు రోజున, ఇంట్లో పెద్దవాళ్లని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. చెదలు పట్టిన పుస్తకమైతే పేజీలు ఆయన్నే తిప్పమనండి. అన్నిటికంటే ముందు నాయనమ్మని కూర్చోబెట్టి తెలిసిన పేర్లన్నీ ఫోన్‌లో రికార్డ్ చేయండి. పుస్తకంలో మరియమ్మ మన వెంకాయమ్మేనని చెప్పగలిగేది ఆవిడే.