నవాహో జాతి చదువు: ఇంటి భాష, ఊరి క్షేమం



పరభాషా ప్రాంతంలో తెలుగు బడిని 75 సంవత్సరాలు నిలుపుకొన్నవారి సభలో అమెరికా ఆదివాసుల ప్రసక్తి ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. బడి మూలంగా ఒక భాష ఎట్లా తరిగిపోతుందో, అదే బడి ఆ భాషను ఎంతవరకు కాపాడగలదో, రెండూ అనుభవించి చూచిన జాతి నవాహో జాతి. అందుచేత వారి కథ ఈ ప్రాంగణానికి పరాయిది కాదు.

అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలలో వ్యాపించిన ఎర్రరాతి పీఠభూమి వారి నేల. విస్తీర్ణం సుమారు 70,000 చదరపు కిలోమీటర్లు. జాతి జాబితాలో నమోదైనవారి సంఖ్య 2021 నాటికి 4 లక్షలకు చేరువైంది. వారు తమను 'డినే' అని చెప్పుకొంటారు. ప్రజలు అని దాని అర్థం. గొర్రెల పెంపకం, మొక్కజొన్న సేద్యం, కంబళ్ళ నేత వారి పాత జీవనాధారాలు. ఇద్దరు డినేలు కొత్తగా కలిసినప్పుడు తల్లి వంశం, తండ్రి వంశం, మాతామహుని వంశం, పితామహుని వంశం వరుసగా చెప్పుకొంటారు. అంతటితో ఎవరికి ఎవరు ఏమవుతారో తేలిపోతుంది. ఒకే వంశం వారికి వివాహం నిషిద్ధం. గోత్రం అడిగి గాని సంబంధం కలుపుకోని తెలుగువారికి ఇది వింతగా తోచదు. అయితే వారికి వంశం తల్లి నుండి వస్తుంది. ఈ బంధుత్వ ధర్మాన్ని 'కే' అంటారు. పసిబిడ్డ మొదటిసారి ఎవరి వలన నవ్వితే వారు విందు చేయాలి. బిడ్డ చేతి మీదుగా వచ్చిన వారందరికీ ఉప్పు పంచిపెట్టాలి. పెట్టే గుణం ఆ వయసులోనే అలవడాలని వారి కోరిక.

సౌందర్యం, సామరస్యం, ఆరోగ్యం అనే మూడింటినీ కలిపి చెప్పే 'హోజో' అనే మాట వారి భాషలో ఉన్నది. తెలుగులో 'క్షేమం' అనే మాట దానికి కొంత దగ్గరగా వస్తుంది. మనిషికి జబ్బు చేసినదంటే ఎక్కడో హోజో చెడినదని వారు భావిస్తారు. దానిని సరిచేసే క్రతువులలో కొన్ని తొమ్మిది రాత్రుల పాటు సాగుతాయి. నడిపే వైద్యునికి వందలకొద్దీ పాటలు కంఠస్థమై ఉండాలి. పాట భాషలో ఉన్నది గనుక, భాష పోతే వైద్యం కూడా పోతుంది.

1863-64లో అమెరికా సైన్యం వారి పంటలను, పీచు పండ్ల తోటలను నాశనం చేసింది, గొర్రెలను చంపింది. 1864లో వేలాది మందిని కాలినడకన న్యూ మెక్సికో తూర్పు భాగంలోని బోస్కే రెడోండో అనే శిబిరానికి తరలించారు. నాలుగేళ్ళు అక్కడ ఆకలితో, జబ్బులతో ఎందరో మరణించారు. 1868 జూన్ 1న జరిగిన ఒడంబడికతో మిగిలినవారు స్వస్థలానికి తిరిగి వచ్చారు. ఆ ఒడంబడికలోని ఆరవ అధికరణం చదువును గురించినది. ఆరు నుండి పదహారేళ్ళ వయసు పిల్లలను బడికి పంపుతామని నవాహోలు మాట ఇచ్చారు. ప్రతి 30 మంది పిల్లలకు ఒక గృహం, ఒక ఉపాధ్యాయుడు సమకూర్చుతామని ప్రభుత్వం మాట ఇచ్చింది. ప్రభుత్వపు మాట చాలాకాలం కాగితం మీదనే ఉండిపోయింది.

సంతకం చేసిన నాయకులలో మనుయెలిటో ఒకరు. జీవితమంతా పోరాడిన ఆ వీరుడు చివరికి చదువే శరణ్యమని నమ్మి, కుమారులను పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలకు పంపారు. 1879లో ప్రారంభమైన ఆ బడి ఆశయం ఆదివాసి పిల్లలలోని ఆదివాసిత్వాన్ని తొలగించడం. చదువుకు పంపిన బిడ్డను జబ్బు మూలంగా పోగొట్టుకొన్న తండ్రిగా ఆయన మిగిలారు.

తరువాతి కాలపు వసతి పాఠశాలలు అదే దారిలో నడిచాయి. జుట్టు కత్తిరించడం, పేరు మార్చడం, నవాహో మాట వినబడితే శిక్షించడం అక్కడి పద్ధతి. ఆ మాట నోట రాగా సబ్బుతో నోరు తోమించిన సంగతిని చెస్టర్ నెజ్ తన ఆత్మకథలో చెప్పారు. 1942లో నవాహో భాష ఆధారంగా సైనిక సంకేత భాషను రూపొందించిన 29 మంది యువకులలో ఈయన ఒకరు. శత్రువులు ఆ సంకేతాలను ఛేదించలేకపోయారు. ఆ రహస్యం 1968 వరకు బయటకు రాలేదు. 29 మందిలో చివరివారైన నెజ్ 2014లో కన్నుమూశారు. పసితనంలో శిక్షకు కారణమైన భాషతోనే దేశం యుద్ధంలో పని గడుపుకొన్నది. ఆ తరువాత కూడా చాలాకాలం బడులలో ఆ భాషకు చోటు దొరకలేదు.

ఆరోగ్య విషయంలో యానీ డాడ్జ్ వానెకా గారిని తలచుకోవాలి. 1951లో జాతి మండలికి ఎన్నికైన ఈమెకు క్షయవ్యాధి నివారణ బాధ్యత అప్పగించారు. మరణం సంభవించిన ఇంటిలో నవాహోలు నివసించరు. మరి ఎందరో మరణించిన ఆసుపత్రిలో పడుకోమంటే రోగులు ఎట్లా పడుకొంటారు? చికిత్స నడుమనే లేచి ఇంటికి పోయేవారు. దానిని మూఢత్వమని వైద్యులు, పరాయి మందని ఊరివారు అనుకొంటున్న రోజులవి. వానెకా గారు హోగన్ అనే వారి గుండ్రని ఇళ్ళకు స్వయంగా వెళ్ళి, సూక్ష్మక్రిమి అంటే ఏమిటో వారి భాషలో విడమరచి చెప్పారు. సంప్రదాయ వైద్యులను శత్రువులుగా చూడక, వారితో కూర్చొని మాట్లాడారు. వైద్య పరిభాషకు నవాహో మాటలు కూర్చి ఒక పదకోశాన్ని సిద్ధం చేయించారు. 1963లో ఆమెకు అమెరికా అధ్యక్షుని స్వాతంత్ర్య పతకం లభించింది. 2020లో కోవిడ్ వ్యాధి ఆ జాతిని తీవ్రంగా దెబ్బతీసినప్పుడు, దాదాపు మూడవవంతు ఇళ్ళకు కుళాయి నీరు కూడా లేని ఆ ప్రాంతంలో, వృద్ధులకు జాగ్రత్తలు చేరింది నవాహో భాషలో సాగిన రేడియో ప్రసారాల ద్వారానే. ఆ వ్యాధి బలిగొన్న వృద్ధులతో పాటు ఎన్ని పాటలు పోయాయో లెక్క కట్టేవారు లేరు.

1966లో అరిజోనాలోని రఫ్ రాక్ అనే కుగ్రామంలో ఒక బడి ప్రారంభమైంది. దానిని నడిపే అధికారం ఊరివారు ఎన్నుకొన్న సంఘానిది. అందులో చాలామంది బడి ముఖం చూడనివారు. చదువు రానివారు చదువును ఎట్లా నడుపుతారని బయటివారు నవ్వారు. వారు చేసిన పని ఏమంటే, తల్లులను, తాతలను బడిలోకి పిలిచారు. వసతి గృహంలో పిల్లలను చూచుకొనే పనికి ఊరి తల్లిదండ్రులే వచ్చారు. రాత్రి పూట పెద్దలు కథలు చెప్పేవారు. పగలు నేత, వెండిపని నేర్పేవారు. ఆ కథలు బడిలోనే పుస్తకాలుగా అచ్చయ్యాయి. అంతటితో ఆగక, సంప్రదాయ వైద్యులు తమ వద్ద శిష్యులను చేర్చుకొని క్రతువులు నేర్పే ఏర్పాటు కూడా అక్కడే జరిగింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ దానికి ధనసహాయం చేసింది. ఇట్టి పనికి ఒక ప్రభుత్వ సంస్థ డబ్బు ఇవ్వడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. అయితే నిధులు ఏటికేడు వాషింగ్టన్ నుండి రావలసినవే. అవి తగ్గిన సంవత్సరం పుస్తకాలు ఆగేవి, తర్ఫీదు పొందిన ఉపాధ్యాయులు వేరే పని చూచుకొనేవారు. రఫ్ రాక్ కష్టాలను దాచి దాని కీర్తిని మాత్రమే చెప్పడం న్యాయం కాదు. 1968లో స్థాపించిన నవాహో కళాశాల ఒక ఆదివాసి జాతి తానే నడుపుకొన్న మొదటి కళాశాల. 1997 నుండి దానిని డినే కళాశాల అంటున్నారు.

ఇంత జరిగినా భాష తరుగుతూనే వచ్చింది. 1990ల ఆరంభంలో శిశు విద్యాలయాల పిల్లలను పరిశీలించగా సగానికి పైగా ఇంగ్లీషు మాత్రమే మాట్లాడుతున్నట్లు తేలింది. బడిలో దెబ్బలు తిన్న తరం తమ బిడ్డలకు ఆ బాధ వద్దని ఇంట్లో ఇంగ్లీషుకు మారింది. రహదారులు, ఉద్యోగాలు, టెలివిజన్ మిగిలిన పని చేశాయి. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం సులభం. వారి భయం మాత్రం అబద్ధం కాదు.

ఫోర్ట్ డిఫయన్స్ అనే ఊరిలో 1986లో మరొక ప్రయత్నం మొదలైంది. అక్కడ బడిలో చేరిన అయిదేళ్ళ పిల్లలలో నవాహో బాగా మాట్లాడగలవారు పదింట ఒక వంతు కూడా లేరు. కోరిన పిల్లలకు మొదటి రెండేళ్ళు చదువంతా ఇంచుమించు నవాహోలోనే చెప్పారు. తరువాత సగం సగం చేశారు. పిల్లవాని ఇంగ్లీషు వెనుకబడదా అని ఈ ఊరి తల్లిదండ్రులు అడిగే ప్రశ్ననే అక్కడివారూ అడిగారు. నాలుగవ తరగతికి వచ్చేసరికి ఈ పిల్లలు ఇంగ్లీషులో తోటివారితో సమానంగా నిలిచారు; గణితంలో ముందున్నారు. ఇంగ్లీషులోనే చదివిన పిల్లలకు మాత్రం, బడిలో చేరేనాటికి వచ్చిన కాస్త నవాహో కూడా తగ్గిపోయింది.

చేర్చుకొనేటప్పుడు ఆ బడి తల్లిదండ్రులకు ఒక నియమం పెట్టింది. ప్రతి సాయంత్రం ఇంటిలో పెద్దవారు ఎవరైనా కొంతసేపు బిడ్డతో నవాహోలో మాట్లాడాలి. సొంత భాష సరిగా రాని తండ్రులు బామ్మల ఇళ్ళకు పిల్లలను తీసుకొనిపోవలసి వచ్చింది. 2004లో ఆ తరగతులు ప్రత్యేక పాఠశాలగా ఏర్పడ్డాయి. నవాహోలో ఆ బడి పేరుకు అర్థం, 'రాళ్ళ నడుమ పచ్చికబయలులో డినేల బడి'.