మాత్ర ఇక్కడిది, మార్గం మలావీది

  

అధ్యక్షుడైనవాడు శాస్త్రం మొత్తాన్నీ ఒకసారి చుట్టి రావడం ఇలాంటి వైద్య సదస్సుల్లో ఆనవాయితీ. నేను ఆ పని పెట్టుకోవడం లేదు. హెచ్‌ఐవీ పరీక్షలో, చికిత్సలో పేద దేశాలు ఎంత దూరం వచ్చాయో, ఎలా వచ్చాయో ఒకే దేశాన్ని ముందు పెట్టుకుని చెప్పదలచుకున్నాను. ఆ దేశం మలావీ. ఆగ్నేయ ఆఫ్రికాలో సముద్ర తీరం లేని దేశం. జనాభా రెండు కోట్ల పైమాట. ప్రపంచంలోని నిరుపేద దేశాల్లో ఒకటి. మన ఊళ్ల పక్కన తయారైన మాత్రలు ఆఫ్రికాకు వెళ్తున్నాయి, అక్కడివాళ్లు పనిచేసిన పద్ధతి మాత్రం మన దగ్గరికి రావలసినంతగా రాలేదు. నా బాధ అదే, నా ఉపన్యాసమూ అదే.

ముందు లెక్క చూద్దాం. 2014లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ యూఎన్‌ఎయిడ్స్ 90-90-90 అనే లక్ష్యం పెట్టింది. వైరస్ ఉన్నవారిలో నూటికి 90 మందికి ఆ సంగతి తెలిసి ఉండాలి. తెలిసినవారిలో 90 మంది మందులు వాడుతూ ఉండాలి. వాడుతున్నవారిలో 90 మందికి వైరస్ అదుపులో ఉండాలి. గడువు 2020. ఆ తర్వాత 2025 నాటికి మూడు అంకెలనూ 95కి పెంచారు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మూడు తొంభైలను గుణిస్తే చివరికి మిగిలేది 73. మూడు 95లను గుణిస్తే 86. మొదటి మెట్టు దగ్గర జారిపోయిన మనిషి తర్వాతి రెండు అంకెల్లో ఎక్కడా కనిపించడు, ఎందుకంటే అవి తెలిసినవారి మీద, మందు మొదలుపెట్టినవారి మీద మాత్రమే కట్టిన శాతాలు. పరీక్ష దాకా రానివారిని వదిలేసి కూడా చికిత్స అంకెలు అద్భుతంగా చూపించవచ్చు. అందుకే ఏ నివేదిక చేతికొచ్చినా మొదటి అంకె చూడమని నా విద్యార్థులకు చెబుతుంటాను.

2024 చివరికి ప్రపంచంలో 4 కోట్ల 8 లక్షల మంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు. 3 కోట్ల 16 లక్షల మందికి మందు అందుతోంది. అంకెలు 87, 89, 94. గుణించి చూడండి, 73 వస్తుంది. అంటే 2020లో చేరవలసిన చోటికి నాలుగేళ్లు ఆలస్యంగా చేరాం. అలాగని దీన్ని ఓటమి అనను. 2004లో ఏడాదికి 20 లక్షలు దాటిన మరణాలు 2024లో 6 లక్షల 30 వేలకు దిగాయి. బోట్స్వానా, ఎస్వతీని, లెసోతో, నమీబియా, రువాండా, జాంబియా, జింబాబ్వే మూడు 95లనూ అందుకున్నాయి. ఆ పేర్లు మరోసారి మనసులో చదువుకోండి. ఒక్క సంపన్న దేశం లేదు.

ఇక మలావీకి వస్తాను. 2003లో ఆ దేశం మొత్తం మీద మందు వాడుతున్నవారు సుమారు 3,000 మంది. డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ప్రయోగశాలలు పెద్ద ఊళ్లలోనే. రోగిని బట్టి మందు మార్చే మన పాఠ్యపుస్తక వైద్యం అక్కడ నడవదని ఆరోగ్యశాఖవారు 2004లోనే తేల్చుకున్నారు. దేశమంతటికీ ఒకే మందుల జోడింపు, ఒకే రకం రిజిస్టరు, ఒకే శిక్షణ. మందు మొదలుపెట్టే అధికారం డాక్టర్లు కాని వైద్య సిబ్బంది అయిన క్లినికల్ ఆఫీసర్లకు, తర్వాత నర్సులకు. మూడు నెలలకొకసారి పర్యవేక్షణ బృందం ప్రతి ఆసుపత్రికీ వెళ్లి రిజిస్టరు తెరిచి ఎందరు బతికున్నారు, ఎందరు మానేశారు, ఎందరు చనిపోయారు అని చేత్తో లెక్క కట్టేది. కంప్యూటర్లు లేని చోట ఇంత కచ్చితమైన లెక్క నడపడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. చదువుకున్న వైద్యులుగా ఆ రిజిస్టరును మనం గౌరవించాలి.

2011లో మలావీ ఇంకొక అడుగు వేసింది. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఏమిటంటే, గర్భిణికి హెచ్‌ఐవీ ఉంటే రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాలు లెక్కపెట్టి, తక్కువగా ఉంటేనే జీవితకాలపు చికిత్స మొదలుపెట్టాలి. సీడీ4 యంత్రం లేని పల్లెలో ఈ సలహాతో ఏం చేయాలి? రక్త నమూనా పట్నానికి వెళ్లాలి, ఫలితం రావాలి, అందాకా ఆమె ఎదురుచూడాలి. ఈలోగా బిడ్డ పుట్టేస్తాడు. మలావీ ఆ షరతునే తీసేసింది. గర్భిణి అయినా పాలిచ్చే తల్లి అయినా, వైరస్ ఉందని తేలితే అదే రోజు మందు మొదలు, జీవితాంతం. అంతకు ముందు ఒక త్రైమాసికంలో మందు మొదలుపెట్టిన గర్భిణులు, పాలిచ్చే తల్లులు 1,257 మంది. ఏడాది తిరిగాక, 2012 మూడో త్రైమాసికంలో 10,663 మంది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాల్లోకి ఈ పద్ధతినే తీసుకుంది. పేద దేశం ప్రపంచానికి వైద్యం నేర్పిన సందర్భాలు మన పాఠ్యపుస్తకాల్లో తక్కువ. ఇది ఒకటి.

శాస్త్రీయ రుజువు కూడా అదే దారిలో వచ్చింది. మందు వాడుతున్నవారి నుంచి భాగస్వామికి వైరస్ సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో తేల్చిన అంతర్జాతీయ పరిశోధనలో మలావీలోని లిలోంగ్వే, బ్లాంటైర్ నగరాలవాళ్లూ ఉన్నారు, మన చెన్నై, పుణేలవాళ్లూ ఉన్నారు. 2015లో అందరికీ వెంటనే చికిత్స అన్నది ప్రపంచ సూత్రమైంది. మరుసటి ఏడాదే మలావీ దాన్ని అమలులో పెట్టింది.

ఫలితం ఎంతో తెలుసుకోవడానికి 2020-21లో ఇంటింటికీ తిరిగి రక్తం తీసి చూశారు. పెద్దవాళ్లలో తమకు వైరస్ ఉందని తెలిసినవారు 88 శాతం, వారిలో మందు వాడుతున్నవారు 98 శాతం, వారిలో వైరస్ అదుపులో ఉన్నవారు 97 శాతం. మళ్లీ మొదటి అంకే వెనకబడింది. ఆ లోటు ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో ఎక్కువ. గర్భిణిగా ఆసుపత్రికి వెళ్లే ఆడమనిషికి పరీక్ష జరుగుతుంది. ఒళ్లు బాగున్నంత కాలం మగవాడు ఆసుపత్రి గుమ్మం తొక్కడు. పనిదినం పోతుంది, ఎవరైనా చూస్తారు. అందుకని వాళ్లు పరీక్షనే ఇంటికి పంపారు. 2015 నుంచి మలావీ, జాంబియా, జింబాబ్వేల్లో నోటి తడితో ఎవరికి వారే చేసుకునే కిట్లు పంచడం మొదలైంది. బ్లాంటైర్‌లో గర్భిణి చేతికి కిట్ ఇచ్చి భర్తకు అందజేయమన్నారు. ఉత్తరం పంపి రమ్మని పిలిచినప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది పరీక్ష చేసుకున్నారు.

మందు సంగతికి వస్తే, ఇక్కడ మనకు గర్వపడే హక్కు ఉంది. 2000లో ఒక మనిషికి ఏడాది మందుల ఖర్చు 10,000 డాలర్ల పైన. 2001లో ముంబయి కంపెనీ సిప్లా 350 డాలర్లకు ఇస్తానంది. ఆ తర్వాతి అధ్యాయంలో ఎక్కువ భాగం హైదరాబాద్ రాసింది. అరబిందో, హెటిరో, లారస్, అప్పటి మాట్రిక్స్, ఇవన్నీ హైదరాబాద్ కేంద్రంగా పనిచేసినవే. డోలుటెగ్రావిర్ అనే మంచి మందుకు 2014లో మెడిసిన్స్ పేటెంట్ పూల్ ద్వారా లైసెన్సు దొరికాక, మూడు మందులు కలిపిన ఒకే మాత్ర ఏడాదికి 75 డాలర్ల సుమారుకు వస్తుందని 2017లో ఒప్పందం కుదిరింది. అందులో అరబిందో ఒక పక్షం, మాట్రిక్స్‌ను కొనుక్కున్న మైలాన్ మరో పక్షం. 2023 నాటికి ఆ ధర 45 డాలర్ల లోపుకు దిగింది. జడ్చర్లలో, పరవాడలో, అచ్యుతాపురంలో షిఫ్టు దిగి ఇంటికెళ్లే కార్మికుడికి తన చేతి మాత్ర ఎవరిని బతికిస్తోందో చెప్పినవాళ్లు లేరు. రచయిత మిత్రులు ఆ పని చేయాలి.

ఇంతటి మందు చేసే దేశం తన లెక్క ఎలా ఉందో చూసుకోవాలి. 2023 అంచనాల ప్రకారం మన దేశంలో వైరస్‌తో ఉన్నవారు 25 లక్షల పైచిలుకు. మహారాష్ట్ర తర్వాత ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్‌లోనే. 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ (వైరస్‌ను అణచే మందుల చికిత్స) మొదలైన ఆరు రాష్ట్రాల్లో మన ఉమ్మడి రాష్ట్రం ఒకటి. దేశం అంకెలు సుమారుగా 81, 88, 97. మూడో అంకెలో మలావీతో సమానం. మొదటి రెండింట్లో మలావీ కంటే వెనక.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. మలావీలో వైరస్ జనమంతటా ఉంది, మన దగ్గర పెద్దల్లో వెయ్యికి ఇద్దరు. అందరినీ పరీక్షించడం మనకు వృథా ఖర్చు. ఒప్పుకుంటాను. నేను అడిగేది అందరికీ పరీక్ష అని కాదు. మనిషిని పరీక్ష కేంద్రం దగ్గరికి రప్పించే ఆలోచన మానేసి, కేంద్రాన్ని మనిషి ఉన్న చోటికి పంపమంటున్నాను. పాజిటివ్ వచ్చినవారి జీవిత భాగస్వామి, పిల్లలు, లారీలు ఆగే చోట్లు, చేపల రేవులు, పొరుగు రాష్ట్రాలకు వలస వెళ్లొచ్చే కుటుంబాలు. వివరాలు గోప్యంగా ఉండాలని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెప్పింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. కానీ జనం భయపడేది చట్టానికి కాదు, పక్క బెంచీలో కూర్చున్న ఊరివాడికి. ఆ భయం తీరాలంటే పరీక్ష ఎవరింట్లో వారికే జరిగే వీలుండాలి.

పిల్లల గురించి కాస్త ఆగి మాట్లాడాలి. 2024లో ప్రపంచంలో వైరస్ ఉన్న పెద్దల్లో నూటికి 78 మందికి మందు అందుతుంటే 15 ఏళ్ల లోపు పిల్లల్లో 55 మందికే అందింది. కారణం మొదట పరీక్షలోనే ఉంది. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో పద్దెనిమిది నెలల దాకా ఉండవచ్చు కాబట్టి మామూలు కిట్ పనికిరాదు. వైరస్‌నే వెతికే పరీక్ష కావాలి. మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి దూరపు ల్యాబుకు పంపుతారు. ఫలితం వచ్చేసరికి వారాలు గడుస్తాయి, తల్లి ఊరు మారిపోతుంది. చికిత్స లేకపోతే సోకిన పిల్లల్లో సగం మంది రెండో పుట్టినరోజు చూడరు. మరణాలు శిఖరానికి చేరేది మొదటి కొన్ని నెలల్లోనే. మొదటి వారాల్లోనే మందు ఇస్తే మరణాలు 76 శాతం తగ్గాయని 2008లోనే దక్షిణాఫ్రికా వైద్యులు చూపించారు. నీళ్లలో కరిగే పిల్లల డోలుటెగ్రావిర్ 2020 చివర్లో ఏడాదికి 36 డాలర్ల లోపు ధరకు కుదిరింది. మందు ఉంది, ధర దిగింది, బిడ్డ ఎక్కడున్నాడో తెలియదు. నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇది.

ఇక డబ్బు సంగతి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసింది. 2003లో బుష్ ప్రభుత్వం మొదలుపెట్టిన పెప్‌ఫార్ అనే ఎయిడ్స్ సాయ పథకం నిధుల మీద, గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి మీద మలావీ హెచ్‌ఐవీ కార్యక్రమం దాదాపు పూర్తిగా ఆధారపడి ఉంది. మాత్రల సరఫరాకు తర్వాత కొంత మినహాయింపు దొరికింది. ఎన్నో దేశాల్లో ముందుగా ఆగిపోయింది పరీక్ష చేసే, ఇల్లు వెతుక్కుంటూ వెళ్లే సామాన్య కార్యకర్తల జీతం. పెప్‌ఫార్ పూర్తిగా పోతే 2029 నాటికి అదనంగా 40 లక్షల మరణాలు ఉంటాయని యూఎన్‌ఎయిడ్స్ అంచనా. ఇరవై ఏళ్ల పని ఒకరి సంతకం మీద ఆధారపడకూడదు. ఆ దేశాలు తమ బడ్జెట్లో వాటా పెంచుకోవాలి. అప్పుల వడ్డీ ఆరోగ్య బడ్జెట్టును మింగేస్తుంటే ఎక్కడి నుంచి తెస్తారన్న ప్రశ్నా నిజమే.

చివరగా, ముందున్న పని. లెనకపావిర్ అనే సూదిమందు ఆరు నెలలకొకసారి వేస్తే వైరస్ సోకకుండా కాపాడుతుంది. దీన్ని ఏడాదికి 40 డాలర్ల ధరకు 2027 నుంచి 120 దేశాలకు ఇస్తామని డాక్టర్ రెడ్డీస్, హెటిరో 2025 సెప్టెంబరులో ముందుకొచ్చాయి. రెండూ హైదరాబాద్‌వే. అయితే ప్రతి సూదికి ముందూ హెచ్‌ఐవీ పరీక్ష చేయాల్సిందే. పరీక్ష అందని చోటికి ఈ మందూ అందదు.

కనుక ఈ సభ ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాను. రెండు తెలుగు రాష్ట్రాలూ మొదటి అంకెను జిల్లాలవారీగా, ఆడ, మగ, పిల్లలకు వేర్వేరుగా ఏటా ప్రకటించాలి. స్వీయ పరీక్ష కిట్లను గర్భిణుల ద్వారా భర్తలకు పంపే పద్ధతిని కనీసం రెండు జిల్లాల్లో, ఒకటి కోస్తాలో, ఒకటి తెలంగాణలో, ప్రయోగించి చూడాలి. ఏఎన్‌ఎంలు, కౌన్సెలర్లు తమ అనుభవంతో వీటిని సవరించాలని కోరుతున్నాను. మధ్యాహ్నం చర్చ వాళ్ల మాటలతోనే మొదలవుతుంది.